సగం గిన్నె టీ

ఓష్ పట్టణంలో కొత్త హెడ్‌మాస్టర్లకు శిక్షణ ఇచ్చే బురుల్ అక్క మొదటి రోజు మా చేతికి పుస్తకం ఇవ్వలేదు, టీ కెటిల్ ఇచ్చింది. మేము కిర్గిజ్, ఉజ్బెక్, తాజిక్, కజక్ బళ్ల నుంచి వచ్చినవాళ్లం. వంతులవారీగా గుమ్మం పక్కన కూర్చుని మిగతావాళ్లకు చిన్న గిన్నెల్లో టీ పోయాలట. మా ఇళ్లల్లో అది కొత్త కోడలి పని.

"అక్కా, మేం బడి నడపడం నేర్చుకోడానికొచ్చామా, టీ కొట్టు పెట్టుకోడానికా?" అన్నాడు ఉజ్బెక్ వైపు అందిజాన్ నుంచి వచ్చిన జహంగీర్.

"ముందు పోయరా అబ్బాయ్. ఎవరి గిన్నె ఖాళీ అయిందో చూసుకోలేనివాడివి బడినేం చూసుకుంటావ్?"

జహంగీర్ మంచివాడే. కాకపోతే ఎప్పుడూ కాళ్లకింద నిప్పులున్నట్టే ఉంటాడు. తర్వాతి వసంతంలో అతని దగ్గర్నుంచి అక్కకు ఫోన్. లెక్కల టీచర్ ముహబ్బత్ మానేస్తానంటోందట. ఆమె వెళ్లిపోతే పెద్ద తరగతులకు లెక్కలు చెప్పే దిక్కు లేదు. అక్క వచ్చి నచ్చజెప్పాలని బతిమాలాడు. మోకాళ్ల నొప్పులతోనే అక్క సరిహద్దు దాటి వెళ్లింది. తోడు నేను.

స్టాఫ్‌రూమ్‌లో జహంగీర్ తొందరపాటులో ముహబ్బత్ గిన్నె అంచుదాకా నింపేశాడు. మా వైపు సగం పోస్తే ఇంకాసేపు కూర్చోమని అర్థం. నిండా పోస్తే తాగి లేవమని.

ఆమె గిన్నె వైపు చూసి లేచింది. "అర్థమైంది సార్. వెళ్తాను."

జహంగీర్ అక్క వైపు తిరిగాడు. "అక్కా, మీరైనా చెప్పండి!"

"నేను చెబితే నా ముఖం చూసి ఆగుతుంది. రేపు నేనుండను కదా," అంది అక్క. నాకు ఒళ్లు మండింది. ఇంత దూరం వచ్చి ఒక్క మాట సాయం చెయ్యదేం ఈ మనిషి!

జహంగీర్ ఆ టీ పారబోశాడు. గుమ్మం పక్కకెళ్లి కూర్చుని, సగమే పోసి, ఎడమచెయ్యి గుండెమీద పెట్టుకుని అందించాడు. "తప్పయిపోయింది టీచర్. ఎందుకు మానేస్తున్నారో నేనసలు అడగనేలేదు."

ఆమె నిలబడే చెప్పింది. "చివరి పీరియడ్ ఎప్పుడూ నాకే వేస్తారు. బస్సు వెళ్లిపోతుంది. పత్తిచేలలో పడి నడిచి ఇల్లు చేరేసరికి, మంచం పట్టిన మా మామగారు ఆకలితో ఎదురుచూస్తుంటారు."

జహంగీర్ ఏదో చెప్పబోయి ఆగాడు. అతను మాట మింగడం అదే మొదటిసారి చూశాను. కెటిల్ పట్టుకుని అలా వింటూనే ఉన్నాడు. చెబుతూ చెబుతూ ఆమె కూర్చుంది, టీ తాగింది. నా కోపం ఎటు పోయిందో తెలీదు. అక్క చేతులు కళ్లకద్దుకోవాలనిపించింది.

ముహబ్బత్ గిన్నె ఖాళీ అయింది. ఇక చాలని దాన్ని చేత్తో మూసేస్తుందేమోనని ఆమె చేతివంకే చూశాను.

ఆమె గిన్నె ముందుకు జరిపింది. "సగమే పోయండి సార్."