అమ్మ పేరు చెప్పి చదివిన కథలు

నా దగ్గర పుస్తకం తీసుకెళ్లినవాళ్లు తిరిగి ఇవ్వరని మా ఇంట్లో అందరూ నన్ను సాధిస్తుంటారు. ఇవ్వకపోతే పోనీ అంటాను. పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. ఈ గుణం మా నాయన నుంచి వచ్చింది. పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నన్ను పట్టుకునే దిగులు కూడా ఆయన నుంచి వచ్చిందే. దాన్ని గురించి మాత్రం ఇంతవరకు ఎవరికీ సరిగా చెప్పలేదు.

మాది నెల్లూరుకి తూర్పున, తోటపల్లి గూడూరు దాటి ఇసక దారిన పోతే వచ్చే సముద్రపు పల్లె. ఎక్కువమంది చేపల వేటకు పోయేవాళ్లు. నాయన ఉప్పు నిలవచేసే కొటారులో గుమాస్తా. యాభైల చివర్లో, నేను బడిలో చేరిన కొత్తలో, మా పల్లెకు పుస్తకమంటూ వస్తే అది నాయన సంచిలోనే రావాలి. వీలు దొరికినప్పుడల్లా నెల్లూరు బస్సెక్కి పోయి, చిత్తు కాగితాల కొట్లో పాత వారపత్రికలు ఏరుకొచ్చేవాడు. వాటిలోంచి సీరియల్ పేజీలు కోసి, వరసగా పేర్చి, వలలు అల్లే నూలుతో కుట్టేవాడు. అట్టకి చిరిగిన తెరచాప గుడ్డ. మా ఇంట్లో నవలలన్నీ చేపల వాసన కొట్టేవి. ఒక్కో నవలకి మధ్యలో కొన్ని వారాలు దొరికేవి కావు. ఆ ఖాళీలో ఏం జరిగిందో నాయన తనే ఊహించి చెప్పేవాడు, అదీ తను పక్కనుండి చూసినంత ధీమాగా.

పల్లెలో ఎవరడిగినా ఇచ్చేవాడు. షరతు ఒకటే, పుస్తకం తిరిగి తెచ్చినవాళ్లు మా పంచలో కూర్చుని ఆ కథ చెప్పి పోవాలి. చదువు రానివాళ్లు వినడానికి వచ్చేవాళ్లు. వేట లేని రోజుల్లో పంచ నిండిపోయేది. అమ్మకి ఇదంతా గిట్టేది కాదు. ఆమెకు చదువూ రాదు, కథల మీద ఆసక్తీ లేదు.

"చెత్త కాగితాలు మోసుకొచ్చి ఇల్లు నింపతా ఉండాడు మీ నాయన. వచ్చినోళ్లందరికీ మజ్జిగ కలిపేది నేను," అని సణిగేది. సణుగుతూనే కలిపేది.

అరవైలు వచ్చాక, నాకు పన్నెండో పదమూడో ఏళ్లప్పుడు, ఒక పొద్దున కొటారుకి బయల్దేరుతూ నాయన గుమ్మం దగ్గర కూలబడిపోయాడు. నెల్లూరు ఆస్పత్రిలో కొన్నాళ్లు ఉంచారు. మాట పోలేదు. కాలు కాస్త ఈడ్చినా నడక వచ్చింది. అదృష్టవంతుడివన్నారు అందరూ. ఇంటికి రాగానే ఆయన అడిగింది పుస్తకం. ఇచ్చాను. తెరిచి చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. మూసి పక్కన పెట్టి, "అద్దాలు మార్చాల," అన్నాడు.

అద్దాలు మార్చారు. ఏం మారలేదు. డాక్టరుగారు కళ్లకి ఏ లోపమూ లేదని, లోపల తలలో అక్షరాలు గుర్తుపట్టే చోట దెబ్బ తగిలిందని చెప్పారు. చదువు మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. ఆ 'రావచ్చు'ని పట్టుకుని నేను పలక తీసుకుని నాయన ముందు కూర్చున్నాను. నాకు అక్షరాలు దిద్దించిన మనిషికి నేను అ, ఆ చూపించాను. నాయన కోప్పడలేదు. చూపించినప్పుడు తలూపేవాడు, మర్నాటికి ఆ అక్షరం ఆయనకి మళ్లీ కొత్తగా ఉండేది.

వింత ఏమిటంటే రాయడం పోలేదు. ఒక సాయంత్రం కాగితమూ కలమూ ఇస్తే చకచకా రాశాడు, ఎప్పటి గుండ్రటి దస్తూరీతోనే, మా అమ్మాయి బాగా చదువుకోవాలి అని. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక అన్నీ వచ్చేస్తాయని పల్లెంతా చెప్పుకొచ్చాను. ఆ కాగితాన్ని నా పుస్తకంలో దాచుకున్నాను. కొన్ని రోజుల తర్వాత పుస్తకం తిరగేస్తుంటే అది జారి నాయన ఒళ్లో పడింది. తీసి చూశాడు.

"ఏందమ్మా ఇది? ఎవరు రాసినారు?" అన్నాడు.

నా మొహం చూసి ఆయనకే అర్థమైంది.

"నాదేనా?" అన్నాడు.

తలూపాను. కాగితం నా చేతికిచ్చేసి, లేచి, కాలీడ్చుకుంటూ పంచలోకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత పలక ముట్టుకోలేదు. ఇన్నేళ్లయినా ఆ ఒక్క మాట గుర్తొస్తే నా గుండె నీరవుతుంది.

పల్లెవాళ్లు పుస్తకాల కోసం రావడం తగ్గించారు. చెడ్డతనంతో కాదు, అడిగితే ఆయన్ని నొప్పించినట్టవుతుందని. అది ఆయన్ని మరీ నొప్పించింది. ఎవరైనా వస్తే అద్దాలు ఇంకా సరిగా కుదర్లేదని చెప్పేవాడు. నేను చదివి వినిపిస్తానంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "నాకు నువ్వు చదివి పెట్టేదేంది?" అని గోడవైపు తిరిగి పడుకునేవాడు. రోజంతా అలాగే. తిండి కూడా తగ్గిపోయింది.

అప్పుడు అమ్మ ఒక పని చేసింది. ఒక సాయంత్రం చేటలో బియ్యం పోసుకొచ్చి నాయన మంచం పక్కన కూర్చుని, ఇల్లంతా వినపడేటట్టు నన్ను పిలిచింది.

"ఏమ్మే, నాకు ఒక కథ చదివి పెట్టు. ఊరోళ్లందరికీ తెలిసిన కథలు నాకొక్కదానికే తెలీకపోతే ఎట్టా?"

నేను నోరు తెరుచుకుని చూశాను. ఆమె కళ్లతోనే గదిమింది. తెరచాప అట్ట ఒకటి తీసి చదవడం మొదలుపెట్టాను. నాయన గోడవైపే తిరిగి ఉన్నాడు. మర్నాడూ అంతే. కొన్నాళ్లకి నేను త్వరగా ముగిద్దామని ఒక పేరా దాటేస్తే, గోడవైపు నుంచే గొంతు వినపడింది.

"మధ్యలో వదిలేసినావు. మీ అమ్మకు ఎట్టా అర్థమవద్ది?"

ఆ రోజు నుంచి ఆయన మావైపు తిరిగి పడుకున్నాడు. మంచి ఘట్టం వస్తే, "అది మళ్లా చదువు, మీ అమ్మ సరిగ్గా విన్లా," అనేవాడు. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ, "అవును, విన్లా," అనేది. పల్లెవాళ్లు కూడా ఒకరొకరే మళ్లీ పంచలోకి చేరారు, అమ్మకి చదువుతున్న కథ మేమూ వింటామంటూ. చదువు వచ్చినవాళ్లు కూడా అదే మాట చెప్పి కూర్చునేవాళ్లు. ఎప్పుడైనా నాయన చెయ్యి చాచి పుస్తకం తీసుకునేవాడు. పేజీ మీద వేలు పెట్టి నెమ్మదిగా జరిపేవాడు. నేను ఆ వేలినే చూసేదాన్ని. వేలు చివరిదాకా పోయేది, పుస్తకం నా చేతికి తిరిగొచ్చేది. అలా రెండు మూడేళ్లు గడిచాయి. ఒక్క అక్షరం కూడా ఆయన దగ్గరకు తిరిగి రాలేదు.

తుఫానులు పట్టే రోజుల్లో, ఒక నవల సగంలో ఉండగా నాయన పోయాడు. ఈసారి గుమ్మం దాకా కూడా పోలేదు, మంచంలోనే.

దినాలయ్యాయి. చుట్టాలు వెళ్లిపోయారు. సాయంత్రం ఇల్లు భరించలేనంత ఖాళీగా ఉంది. అమ్మ మంచం పక్కన తన చోట్లోనే కూర్చుని ఉంది, చేతిలో చేట లేదు. ఇన్నేళ్లు విని విని ఆమెకీ కథల రుచి పట్టి ఉంటుందనుకున్నాను, అదైనా ఆమెకు తోడుంటుందని. ఆ నవల తీసి పక్కన కూర్చున్నాను.

"చదవమంటావా అమ్మా?"

"ఎవరికమ్మే?"

"నీకే. ఆ పిల్ల చివరికి ఏమైందో తెలుసుకోవా?"

"ఏ పిల్ల?" అంది అమ్మ.

నాకు అర్థం కాలేదు. నెలరోజులుగా మేం చదువుతున్నది ఆ పిల్ల కథే. అమ్మ ఖాళీ మంచంవైపు చూసింది.

"నాకు ఏ కథా తెలీదు మ్మే. నేను యానాడూ విన్లా. నువ్వు చదవతా ఉంటే మీ నాయన మొహం చూస్తా కూర్చుంటి, అంతే. ఇప్పుడింక ఏం చూసేది?"

పుస్తకం మూసి, ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాను. ఆ తర్వాత ఎన్ని పుస్తకాలు చదివానో, ఎంతమందికి పంచానో నాకే తెలియదు. ఆ నవలలో మిగిలిన సగం మాత్రం ఈ రోజు దాకా చదవలేదు.