ఆమె మాటలో కోత

మీరు పోయాక మీ మాటను ఎవరైనా కత్తిరిస్తే పట్టుకునేది ఎవరు?

నా భార్య ఇంగ్లండులో, ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరుగా చేసేది. జబ్బు ముదిరాక, స్టీవెనేజ్‌లోని మా ఇంట్లో కెమెరా ముందు కూర్చుని చెప్పింది. "నా శరీరం మెడికల్ కాలేజీకి ఇయ్యాలె. పంతులు వద్దు, పిట్టకు పెట్టుడు వద్దు. ఇది నా సొంత నిర్ణయం."

శరీరం ఇచ్చేశాం. కానీ ఆ వీడియో చూడని అత్తమ్మ అదంతా నా పంతమేనని నమ్మింది. వాట్‌ఫర్డ్‌లో కొడుకింటి పెరట్లో కూతురికి ఇష్టమైనవన్నీ వండి, పిట్ట ముట్టాలని కంచంలో పెట్టింది. కాకి రాలేదు. ఉడుత వచ్చి తినిపోయింది. "నీ నాస్తికానికి నా బిడ్డ కోరిక తీరకపాయె" అని నా ముఖం మీదే అంది.

సంస్మరణ సభ కోసం నేనూ బావమరిదీ చెరో ఇంట్లో కూర్చుని ఒకే ఆన్‌లైన్ ప్రాజెక్టులో వీడియో ఎడిట్ చేస్తున్నాం. నేనొక చిన్న కంప్యూటర్ స్క్రిప్టు రాసుకున్నాను. టైమ్‌లైన్ మీది ప్రతి క్లిప్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అది రాసిపెట్టుకుని, మరునాడు మళ్లీ చూసి తేడా చెబుతుంది. ఒక పొద్దున అది చూపిన తేడా ఒక్కటే: ఆమె క్లిప్ చివర కురచైంది. తెరిచి చూస్తే "ఇది నా సొంత నిర్ణయం" లేదు. సరిచేశాను. మర్నాడు మళ్లీ కోత.

ఫోన్ చేశాను.

"కోసింది నేనే బావా."

"మీ అక్క మాట కొయ్యడానికి నువ్వెవరు?"

"చావుల గూడ డిబేటేనా? అక్క సొంత నిర్ణయమని తెలిస్తే అమ్మ అక్కను తిట్టుకుంటది. ఇప్పుడైతే నిన్నే తిట్టుకుంటున్నది. నీకు అలవాటే గద, జర ఓర్సుకో."

నవ్వబోయి ఏడ్చాడు. ఏ క్లిప్ మారిందో స్క్రిప్టు చెప్పింది. మార్చినవాడి గుండెకోత దానికేం తెలుసు? అయినా నేను ఒప్పుకోలేదు. శోకం పేరు చెప్పి నిజాన్ని దాచడం జాలి కాదు, చనిపోయిన మనిషికి సొంత బుద్ధి లేదనడమే. ఆ వాక్యం తిరిగి పెట్టాను. ఈసారి అతడు ముట్టలేదు.

సభనాడు వెంబ్లీలోని హాల్లో వీడియో వేశాం. ఆ మాట వినగానే అత్తమ్మ లేచి తెర దగ్గరికి నడిచింది. నన్ను తిట్టలేదు, కనీసం నావైపు చూడలేదు.

"నాకెందుకు చెప్పలే బిడ్డా? నేను వద్దందునా?" అని కూతురినే అడిగింది. తెర మీద అప్పటికే వేరే ఫొటో వచ్చేసింది.

నేనూ నా భార్యా ఎన్ని హేతువాద సభల్లో ఎంతమందిని ఒప్పించామో! ఆ ముసలామెతో ఒక పూట కూర్చోలేదు. ఆమెకు అర్థం కాదని మేమే తీర్మానించుకున్నాం. మూఢనమ్మకం అంటే అది కాదా?

రికార్డు చేసి పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండకండి. మీ చావు గురించి మీకేం కావాలో, దానికి అందరికంటే ఎక్కువ ఏడ్చే మనిషి ఎదుట కూర్చుని ఇవాళే చెప్పండి. ఆ మనిషిని కోప్పడనివ్వండి, వాదించనివ్వండి. మీరు బదులివ్వగలిగినప్పుడే చెప్పండి.