చుట్టి కట్టిన పరదా

రోజూ పొద్దున బుచ్చిరాములు దేవుని గూట్లో దీపం వెలిగించి, వత్తి తగ్గించి, మంట కొసను చాలాసేపు చూస్తాడు. ఆ తర్వాతే భార్య రామవ్వ పొయ్యి ముట్టించాలి.

"గని గ్యాసు ఇంట్లకు ఏడికెళ్లొస్తది? జర చాయ్ పెట్టనియ్యి," అని ఆమె విసుక్కుంటుంది.

ఆయన లోతు బొగ్గు గనిలో, కూలీల భద్రత చూసే సర్దారుగా పనిచేశాడు. బొగ్గులోంచి ఊరే గ్యాసుకు రంగుండదు, వాసనుండదు. అది కప్పుకు చేరి నిలుస్తుంది. సర్దారు తన దీపాన్ని మెల్లగా పైకెత్తినప్పుడు మంట మీద టోపీలా నీలి వెలుగు కనబడితే గ్యాసు ఉన్నట్టే, మనుషుల్ని వెనక్కి పంపాలి. గ్యాసు నిలవకుండా, గాలి బొగ్గు కోసే చోటికి మళ్లేలా గుడ్డ పరదా కడతారు.

పన్నెండేళ్ల కిందట ఒకరోజు, ఆయన కింద బొగ్గు కోసే మల్లన్న జ్వరంతోనే పనికి వచ్చాడు. సద్ది విప్పుతూ వణికాడు.

"సర్దారన్నా, గాలి ఈడ్సి కొడుతుంది. రెండు బుక్కలు తినేదాక పరదా జరుపరాదె?"

"జరమొస్తే ఇంట్ల పండాలె గని, పాతాళంల సలి అంటవేందిరా?" అని నవ్వుతూనే బుచ్చిరాములు పరదాను పైకి చుట్టి కట్టాడు. పక్క పనిచోటు చూడటానికి వెళ్లి ఆ సంగతే మరిచిపోయాడు.

తిన్నాక మల్లన్న కప్పు కూలకుండా కర్ర నిలబెడదామని బొగ్గు కుప్ప ఎక్కాడు. పెళ్లలు ఊడిపోయి కప్పులో గుంత పడి ఉంది. అందులోకి తల పెట్టాడు. అక్కడ గ్యాసే తప్ప పీల్చడానికి గాలి లేదు.

బుచ్చిరాములు వచ్చేసరికి అతను కుప్ప కింద పడి ఉన్నాడు. గాలి ఆడాలని ముందు పరదా దించాడు, తర్వాత అరిచాడు. మల్లన్న లేవలేదు. పరదా మొదటినుంచీ దిగే ఉందని విచారణలో చెప్పాడు. సర్దారు చెప్పకముందే మల్లన్న కుప్ప ఎక్కాడని కాగితంలో రాసుకున్నారు.

ఏటా పెత్తరమాసకు మల్లన్న భార్య చంద్రవ్వ అతని పేరిట బియ్యం ఇచ్చి, బుచ్చిరాములును అన్నానికి పిలిచేది. నిరుడు మల్లన్న ఫోటో ముందు విస్తరి పెడుతూ ఎప్పటిలాగే అతన్ని తిట్టింది.

"మాటినని మనిషివి. సర్దారన్న రాకముందే ఎక్కుడేంది? గీ పూటన్న నిమ్మలంగ తిను."

బుచ్చిరాములు ముద్ద విస్తట్లోనే వదిలేశాడు.

"వాడు మాటినకపోలే, చెల్లె. పరదా జరిపింది నేను. మల్ల దించుడు మర్సిపోయిన. అందరికి అబద్ధం చెప్పిన."

చంద్రవ్వ ఆయన వైపు చూడలేదు. ఫోటో వైపే చూస్తూ అడిగింది.

"ఇన్నేండ్లు నాతోని ఆయన్నే తిట్టిచ్చినవా అన్నా?"

బుచ్చిరాములుకు ఇప్పుడు అరవై ఆరేళ్లు. గనుల ఊరు శ్రీరాంపూర్‌లోనే, చంద్రవ్వ ఇంటికి రెండు సందుల అవతల ఉంటాడు. ఈ ఏడు పెత్తరమాసకు ఆమె పిలవలేదు.