ఇస్త్రీపెట్టెలో రాక్షసి బొగ్గు

మొన్న ఆదివారం మా మావయ్యగారు ఓ నిశ్చితార్థానికి మా ఆయన జీన్స్ ప్యాంటు వేసుకెళ్లారు. నవ్వకండి, చెప్తా! తప్పంతా నాదే.

పదకొండింటికి పామర్రులో వాళ్ల చెల్లెలి మనవరాలి నిశ్చితార్థం. పెద్దాయన వెళ్తేగానీ తాంబూలాలు మార్చుకోరు. ఆయనకేమో పంచె నలిగితే ప్రాణం పోయినట్టే! తొమ్మిదింటికి గుడివాడంతా కరెంటు పోయింది. వానకి పంచెలన్నీ దండెం మీద తడిగా ఉన్నాయి. పొడిగా ఉన్నదొక్కటే, అదీ నలిగి ముద్దయింది.

అటక మీంచి పాత బొగ్గుల ఇస్త్రీపెట్టె దించా. తీరా చూస్తే బొగ్గుల్లేవు!

"కొబ్బరి చిప్పలు కాల్చి వెయ్యమ్మా, మా అమ్మ అలాగే చేసేది" అన్నారు మావయ్యగారు, లుంగీలో కూర్చుని.

"చిప్పలెందుకు మావయ్యగారూ? నా దగ్గర అసలైన బొగ్గుంది. నేను కెమిస్ట్రీ టీచర్ని కదండీ!"

పిల్లలకి చూపించడానికి తెచ్చిన రాక్షసి బొగ్గు నా బ్యాగులోనే ఉంది. శుక్రవారమే గొంతు చించుకుని చెప్పా. "కట్టెబొగ్గు ఒకసారి కాలి వచ్చిందే కాబట్టి పొగ రాదు. రాక్షసి బొగ్గు అలా కాదు. గాలి సరిగ్గా తగలకుండా వేడిచేస్తే లోపలి బంధాలు తెగి, చిన్న అణువులు గ్యాసుగా, తారుగా బయటికొస్తాయి. మిగిలింది మెత్తబడి, ఉబ్బి, మళ్లీ గట్టిపడి కోక్ అవుతుంది."

చెప్పింది నేనే. మర్చిపోయిందీ నేనే!

స్టవ్ మీదే కాస్త పొగొచ్చింది. "మొదట్లో అంతే" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. అంచులు ఎర్రబడగానే పెట్టెలో వేసి మూత బిగించా. అంటే ఉన్న గాలి కూడా ఆపేశానన్నమాట! రెండుసార్లు రుద్దానో లేదో, పసుప్పచ్చటి పొగ! ఇల్లంతా కుళ్లిన కోడిగుడ్ల కంపు, దానికితోడు తారురోడ్డు వేస్తున్న వాసన. పెట్టె కన్నాల్లోంచి నల్లగా, జిగటగా ఏదో కారి, తెల్లటి పంచె మీద అరచేయంత మచ్చ! మూత తీస్తే బొగ్గులన్నీ ఉబ్బి, ఒకటే ముద్దయి, పెట్టెని కరుచుకుపోయాయి. నా పాఠంలో ఒక్క ముక్క కూడా తప్పు పోలేదు.

మావయ్యగారు పంచె వంక చూశారు, గడియారం వంక చూశారు. నాకు సిగ్గేసింది. "అబ్బాయి ప్యాంటు పట్రామ్మా" అన్నారంతే.

సాయంత్రం వచ్చి కాఫీ తాగుతూ, "వయసు పదేళ్లు తగ్గిందన్నారే అందరూ!" అని మురిసిపోయారు. తర్వాత మెల్లగా అడిగారు. "ఒక్క డౌటు టీచరమ్మా. మీ పుస్తకంలో కొబ్బరి చిప్పల పాఠం ఉండదా?"

"ఉండదండీ. ఉన్న పాఠంలోనే ఫెయిలయ్యాను!"