జేజి చేతిలో ఉప్పు

నా చిన్నప్పుడు, నాయుడుపేటలో మా ఇంటి వసారా నిండా ఎప్పుడూ దూదే. మాది పరుపులు కుట్టే ఇల్లు. మా నాయన దూది ఏకుతుంటే నేను ఆ గుట్టల్లో దొర్లి, జుట్టంతా తెల్లగా చేసుకుని లోపలికొచ్చి, అమ్మ చేత తిట్లు తినేదాన్ని.

రంజాన్ నెలలో మా వీధివాళ్లంతా ఒక్కపొద్దు విడిచే గంజి మా జేజి, అంటే మా నాయనమ్మ, వండేది. నూకలు, పెసరపప్పు, అల్లం, వెల్లుల్లి, దాల్చినచెక్క, పుదీనా పెద్ద గిన్నెలో మధ్యాహ్నం నుంచి ఉడికేవి. తాను ఒక్కపొద్దు ఉంది కాబట్టి జేజి చుక్క కూడా నాలుక మీద వేసుకునేది కాదు. ఒక్కపొద్దు లేని పిల్లలు ఎవరో ఒకరు రుచి చూసి చెప్పాలి. అంతకుముందు ఆ పని చేసిన మా అక్క ఆ ఏడు తానూ ఒక్కపొద్దులు మొదలుపెట్టింది. ఎనిమిదేళ్లకే గరిటె నా చేతికొచ్చింది. ఇక నా టెక్కు చూడాలి! వీధి వీధంతా నా నాలుక మీదే నడుస్తోందన్నట్టు తిరిగాను.

ఆ నెలలోనే ఏదో పెళ్లికి పరుపులు కావాలన్నారు. నాలుగు రోజులు తెరిపి లేకుండా దూది ఏకారు. ఆ నలకలకి నాకు తుమ్ములు పట్టుకుని, ముక్కు దిబ్బడేసింది. అది పెద్ద విషయమని నాకు తోచలేదు. రుచి చూసేది నాలుకే కదా అనుకున్నాను.

ఆ సాయంత్రం జేజి గరిటెడు గంజి ఊది ఇచ్చి, "ఎట్టుంది మే?" అంది. చప్పగా ఉందన్నాను. గుప్పెడు ఉప్పు వేసి మళ్లీ ఇచ్చింది. ఈసారి ఉప్పు బాగానే తగిలింది. కానీ రోజూ తాగే గంజిలా లేదు. ఏదో తక్కువైందని తెలుస్తోంది, అదేమిటో చెప్పడం చేతకాలేదు. తెలియదంటే గరిటె లాగేసుకుంటారని భయం. "ఇంకా చప్పంగానే ఉండాది జేజీ" అనేశాను. నా మాట నమ్మి ఆమె ఇంకో గుప్పెడు వేసింది.

పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు తాగని మనుషులు ఆ గంజి నోట్లో పోసుకున్నారు. ఒకరికి పొలమారింది. ఇంకొకరు గ్లాసు పక్కన పెట్టి నీళ్ల కోసం చూశారు. అమ్మ కోపంగా నావైపు తిరిగి పేరు పెట్టి పిలిచింది. నేను తలుపు చాటుకి పోయాను. అంతలో జేజి గొంతు వినిపించింది.

"నా చెయ్యి జారిందబ్బా. ముసిలిదాన్నయిపోతిని. వేణ్ణీళ్లు కలుపుకోండి."

అందరూ గ్లాసుల్లో వేణ్ణీళ్లు కలుపుకున్నారు. ఆ నెలలో అబద్ధమాడడం జేజికి ఎంత కష్టమో నాకు ఇప్పుడు తెలుసు. నాకోసం ఆడింది.

మర్నాడు జేజి నాకు వాము వేసి ఆవిరి పట్టింది. ముక్కు తెరుచుకున్నాక కళ్లు మూసుకోమని, తన వేళ్లతో నా ముక్కు గట్టిగా పట్టుకుని నాలుక మీద ఏదో పెట్టింది. తియ్యగా ఉంది, అంతే. బెల్లమన్నాను. ముక్కు వదిలింది. ఒక్కసారిగా నోరంతా దాల్చినచెక్క! బెల్లంలో అది కలిపి పెట్టిందట. మళ్లీ ముక్కు పట్టుకుని ఉప్పు పెట్టింది. దాన్ని మాత్రం ఇట్టే చెప్పేశాను. "తీపి, పులుపు, ఉప్పు, చేదు నాలిక చెప్తాది. కడమదంతా ముక్కే మే" అంది. నోట్లో వేసుకున్నదాని వాసన గొంతు వెనక నుంచి ముక్కుకి ఎక్కుతుందని నేను సైన్సు టీచరునయ్యాక చదువుకున్నాను. చదువుతుంటే ముక్కు మీద జేజి వేళ్లు గుర్తొచ్చాయి.

ఆ సాయంత్రం గరిటె వద్దని ఏడ్చాను. అమ్మ కూడా ఇంకొకరిని పిలుద్దామంది. జేజి వినలేదు. గుప్పిట్లో ఉప్పు పట్టుకుని పొయ్యి దగ్గర అలాగే నిలబడింది. అజాన్ వేళ దగ్గరపడుతోంది. "నువ్వు చెప్తేనే వేస్తా" అంది. చివరికి భయపడుతూనే రుచి చూశాను. ఈసారి రెండు ప్రశ్నలడిగింది. ఉప్పు చాలిందా? దాల్చినచెక్క తెలుస్తోందా? ఒక చిటికెడు చాలన్నాను. గుప్పిట్లోంచి సరిగ్గా చిటికెడే వేసి, మిగతాది డబ్బాలో పోసేసింది. ఆ రోజు గంజి గిన్నె అడుగంటా ఖాళీ అయింది.

ఇప్పుడు మా ఇంట్లో గంజి వండేది నేను. రుచి చూసేది మా మనవరాలు. ముందు దాని ముక్కు సంగతి కనుక్కుంటాను, తర్వాత ఆ రెండు ప్రశ్నలూ అడుగుతాను. అయినా మొన్న రంజాన్‌లో ఒకరోజు గంజి ఉప్పుకషాయమైంది. అందరూ గ్లాసులు దించారు. పిల్ల బిక్కమొహం వేసుకుని నావైపు చూసింది.

"నా చెయ్యి జారిందబ్బా" అన్నాను. జేజి కోసం మనసులోనే దువా చేసుకుని, వేణ్ణీళ్లు తేవడానికి లేచాను.