లోపలి పిడులు లేని కారు

తొరపాడి ఊళ్ళో తాపీ మేస్త్రీ సురేంద్రన్ తన పాత కారుకు తానే రిమోటు తాళం, అలారం చేసుకున్నాడు. టీ తాగుతూ కూడా బటన్ నొక్కి, తలుపులు టక్కున బిగిసే చప్పుడు విని మురిసిపోతాడు. దొంగ లోపలే చిక్కాలని లోపలి పిడులు పీకేశాడు. "మోత వినపడితే ఎవురని అడగాకండప్పా, కొట్టండి" అని వీధికంతా నూరిపోశాడు. ఒక సాయంత్రం పాత గోడలు కూల్చి, ముఖమంతా సిమెంటు దుమ్ముతో వచ్చి, వైరు సర్దుదామని కారులో దూరాడు. రిమోటు బయటే ఉండిపోయింది. రెండు వైర్లు తగిలి తలుపులు బిగుసుకున్నాయి. అతని కేకలు అలారం మోతలో కలిసిపోయాయి. వీధంతా కర్రలతో వచ్చి, అద్దం పగలగొట్టి, జుట్టు పట్టి బయటికి ఈడ్చింది. మొదటి దెబ్బ భార్య కలైయరసిదే, తాపీతో. నెత్తుటికి దుమ్ము కరిగాక "అయ్యో, మా ఇంటాయన!" అని ఆమె కూలబడింది. సురేంద్రన్ విరిగిన పన్ను ఉమ్మి, చుట్టూ చూశాడు. "ఎవురని ఒగరన్నా అడిగిండకూడదా అప్పా?"