పూజలో కూర్చున్న గిటార్

డెబ్భైల చివర్లో మేం కూకట్‌పల్లిలో రెండు గదుల ఇంట్లో అద్దెకు ఉండేవాళ్లం. మా వారు బాలానగర్ వైపు ఒక ఫ్యాక్టరీలో రేడియో పరికరాలు బిగించేవారు. మా మరిది పగలు గుమాస్తా పని, సాయంత్రాలు ఒక ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటార్. ఆ గిటార్‌కు ఒక జబ్బు ఉండేది. తీగల మీంచి చెయ్యి తీస్తే చాలు, స్పీకర్లో గుయ్యిమని రొద. "దసరా ప్రోగ్రాంలో కూడా ఈ తుమ్మెద పాడిందంటే ఇంకొకర్ని చూసుకుంటా" అన్నాడట ఆర్కెస్ట్రా పెద్ద. ఆ సంగతి చెప్పి మరిది అన్నం సగంలోనే లేచాడు.

మా వారు గిటార్ మూత విప్పి, లోపలి గుంతకు సన్నటి రాగి రేకు అతికించారు. ఎర్త్ వైర్లన్నీ ఒకే చోటికి తెచ్చి టంకం పెట్టారు. తీగల శబ్దాన్ని పట్టే పికప్‌కు ఒక చిన్న సర్క్యూట్ కలిపి, దానికి అగ్గిపెట్టెంత బ్యాటరీ తగిలించారు. విడిగా స్విచ్ లేదు. స్పీకర్ వైరు గిటార్‌లో గుచ్చితే ఆన్, లాగేస్తే ఆఫ్. బడి ముఖం చూడకుండా నాన్నగారి దగ్గరే నాలుగక్షరాలు నేర్చుకున్న నాకు అదంతా వింతే. విసనకర్ర పట్టుకుని పక్కనే కూర్చునేదాన్ని. పూలు గుచ్చుతున్నంత నెమ్మదిగా కదిలేవి ఆయన చేతులు. రొద పోయింది.

మూలా నక్షత్రం నాడు అత్తయ్యగారు గిటార్‌ను సరస్వతీ పూజలో పెట్టించారు. "వైరేం పాపం చేసిందిరా?" అని దాన్నీ గుచ్చించి బొట్టు పెట్టారు. ఇక దశమి నాడు ఉద్వాసన చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు.

దశమి మధ్యాహ్నం స్పీకరుకు కలిపితే ఉలుకూ పలుకూ లేదు. మరిది వైరు లాగి మళ్లీ గుచ్చాడు, అయినా అంతే.

"ఏందమ్మా, గిట్ల మూగదైంది?" అంది మాకు అద్దెకిచ్చిన ఇంటావిడ వాకిట్లోంచి. "దేవుని కాడ పస్తు పెట్టిండ్రా ఏంది?"

మా వారు నవ్వేశారు. "ఉన్న తిండి కాస్తా తినేసిందండి. వైరు గుచ్చే ఉంచాం కదా, ఇన్ని రోజులూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంది."

పండగ. కొట్లన్నీ మూసేశారు. సాయంత్రమే ప్రోగ్రాం. అత్తయ్యగారు లోపలికెళ్లి తన చిన్న ట్రాన్సిస్టర్ తెచ్చారు. తెల్లవారుజామున అందులో భక్తి పాటలు వినందే ఆవిడ కాఫీ ముట్టరు.

"ఇందులోదీ ఇలాంటిదే కదరా?"

"అదేనమ్మా. మరి పొద్దున్నే నీ పాటలు?"

"అమ్మవారికి నా గొంతు వినపడదా ఏం? పెట్టు, పొద్దుపోతోంది."

ఆ సాయంత్రం పందిట్లో నా చెవులు పాటల మీద లేవు, పాటకూ పాటకూ మధ్య ఖాళీ మీదే ఉన్నాయి. మరిది తీగల మీంచి చెయ్యి తీశాడు. నిశ్శబ్దం. ఆర్కెస్ట్రా పెద్ద వెనక్కి తిరిగి చూసి, తలాడించి, తర్వాతి పాట మొదలెట్టించాడు. ఇలాంటి ఇంట్లో పడేసినందుకు అమ్మవారికి అక్కడే దండం పెట్టుకున్నాను.

మర్నాడు తెల్లవారుజామున అత్తయ్యగారు దీపం ముందు కూర్చుని తనే పాడారు. శ్రుతి అటూ ఇటూ పోతోంది. మరిది లేచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వైరు గుచ్చకుండానే, ఆవిడ పాట వెంట మెల్లగా గిటార్ మీటాడు.